స్కూబా అదనపు రెగ్యులేటర్

నీటి అడుగున సిలిండర్ గాలి పీల్చుతూ పనిచేసే డైవర్‌కు ప్రధాన రెగ్యులేటర్ మొరాయించినా, సిలిండర్ ఖాళీ అయినా, తోటివారికి గాలి ఇవ్వాల్సి వచ్చినా అక్కరకు వచ్చే రెండో శ్వాస ఏర్పాటే అదనపు రెగ్యులేటర్. ఇది అదే సిలిండర్‌కు తగిలించిన మరో నోటి పరికరం కావచ్చు, విడి సిలిండర్‌తో సహా ఉండే పూర్తి సెట్టు కావచ్చు. పేరు ఒకటే అయినా ఆపదలో ఈ రెండూ చేసే పని వేరు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కృష్ణా తీరంలో డైవర్ల అవసరం ఎక్కువగా గల్లంతైనవారి గాలింపులోనూ, ప్రాజెక్టు గేట్ల దగ్గర నీటి అడుగున చేసే పనుల్లోనూ కలుగుతుంది. వరద నీటి బురద, చేపల వలలు, మునిగిపోయిన ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు ఇక్కడి నీటి లక్షణాలు. చేయి చాపినంత దూరంలో ఉన్న తోటి డైవర్ కూడా కనబడని చోట అతని సిలిండర్‌ను నమ్ముకుని దిగడానికి లేదు. అందుకే ఇక్కడ ఎంపిక మొదలవ్వాల్సింది ఒక ప్రశ్నతో: ప్రధాన సిలిండర్ నుంచి గాలి రాని క్షణంలో తర్వాతి శ్వాస ఏ సిలిండర్‌లోంచి వస్తుంది?

ప్రాంత నేపథ్యం

కృష్ణా నదిపై గద్వాలకు ఎగువన ఉన్న ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది. 1996లో అది ప్రారంభమైంది. దీని పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 318.516 మీటర్లు. ఎగువ జూరాల జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు, దిగువ జూరాలది 240 మెగావాట్లు. జూరాల దాటిన నది బీచుపల్లి దగ్గర 44వ జాతీయ రహదారి వంతెన కింద నుంచి సాగి, అలంపురం దిగువన తుంగభద్రను కలుపుకుని, కొల్లాపూర్, సోమశిల ప్రాంతంలో శ్రీశైలం జలాశయంగా విస్తరిస్తుంది. శ్రీశైలం ఆనకట్ట ఎత్తు 145 మీటర్లు, పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆనకట్ట కట్టినప్పుడు నది ఒడ్డున ఉన్న ఊళ్లెన్నో మునిగాయి. జటప్రోలు, అలంపురం ప్రాంతాల్లోని పాత గుళ్లు కొన్నింటిని రాయి రాయి విప్పి ఎత్తయిన చోట తిరిగి కట్టారు. తరలించని ఇళ్ల గోడలు, బావులు నీటి అడుగునే ఉండిపోయాయి.

రేవులు దాటే పడవలు, పుట్టీలు, పుష్కర స్నానాలు, చేపల వేట ఇక్కడి బతుకులో భాగం. వాటితో పాటే ప్రమాదాలూ ఉన్నాయి. 2007 జనవరిలో కొల్లాపూర్ సమీపంలోని మంచాలకట్ట దగ్గర కృష్ణ దాటుతున్న పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇలాంటి వేళ మొదట నీళ్లలోకి దిగేది స్థానిక జాలర్లు, గజ ఈతగాళ్లు. వారు ఊపిరి బిగబట్టి మునిగేవారే, ఒంటిమీద శ్వాస పరికరాలు ఉండవు. ఆ తర్వాత అవసరాన్ని బట్టి విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉన్న ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్, విశాఖపట్నం నుంచి నౌకాదళ డైవర్లు రంగంలోకి వస్తారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి దళాలతో పాటు నౌకాదళ బృందాన్నీ రప్పించారు.

అగ్నిమాపక సిబ్బంది వీపున కట్టుకునే శ్వాస సెట్లు జిల్లా కేంద్రాల్లో కనిపిస్తాయి గానీ అవి పొగ కోసం తయారైనవి. ముఖానికి నిరంతరం గాలి తోస్తూ పొగను బయటే ఉంచడం వాటి పద్ధతి. నీటి ఒత్తిడికి తగ్గట్టు గాలిని సర్దే ఏర్పాటు వాటిలో ఉండదు. స్కూబా సెట్టుకు గానీ, దాని అదనపు రెగ్యులేటర్‌కు గానీ వాటిని బదులుగా వాడకూడదు.

రెగ్యులేటర్ పనిచేసే తీరు

నిండు సిలిండర్‌లో గాలి సాధారణంగా 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. సిలిండర్ వాల్వుకు బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా సుమారు 9, 10 బార్లు ఎక్కువ ఉండే మధ్యస్థ ఒత్తిడికి దించుతుంది. అక్కడి నుంచి గొట్టం ద్వారా వచ్చిన గాలిని నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ సరిగ్గా నీటి ఒత్తిడికి సమానం చేసి, డైవర్ పీల్చినప్పుడు మాత్రమే వదులుతుంది.

ఈ రెండు దశల నిర్మాణంలో ఒక మేలు ఉంది. ఫస్ట్ స్టేజ్ చెడి మధ్యస్థ ఒత్తిడి పెరిగితే సెకండ్ స్టేజ్ వాల్వు తెరుచుకుని గాలి ధారగా బయటికి పోతుందే తప్ప మూసుకుపోవడం అరుదు. దీన్ని ఫ్రీ ఫ్లో అంటారు. గాలి ఆగిపోదు గానీ నిండు సిలిండర్ సైతం కొన్ని నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అంటే పరికరం చెడినా, లెక్క తప్పినా చివరికి ఎదురయ్యేది ఒకే ఆపద, సిలిండర్‌లో గాలి లేకపోవడం.

ప్రమాదాల లెక్కలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 విహార డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ప్రచురించారు. ప్రమాదానికి మొదటి కారణం తేలిన ఘటనల్లో 41 శాతం గాలి చాలకపోవడం, 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడం, 15 శాతం పరికరాల సమస్యలు. వలలున్న నదిలో మొదటి రెండు కారణాలు తరచూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి: చిక్కుకున్న డైవర్ విడిపించుకునేలోగా గాలి అయిపోతుంది.

చరిత్ర

ఫ్రాన్స్‌లో 1860ల్లో రూకేరోల్, డెనెరూజ్ తయారుచేసిన పరికరంలో పైనుంచి పంపుతో గాలి అందుతూ ఉండగా డైవర్ వీపున చిన్న నిల్వ డబ్బా ఉండేది. పంపు ఆగితే కాసేపు దానితో నెట్టుకురావచ్చు. వెంట తీసుకెళ్లే అదనపు గాలి అనే ఆలోచనకు తొలి రూపాల్లో ఇదొకటి. 1943లో జాక్ కూస్టో, ఎమిల్ గన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్‌తో డైవర్ పై గొట్టం నుంచి విడిపడ్డాడు. కానీ తొలినాళ్ల సెట్లలో నోటి పరికరం ఒక్కటే. గాలి అయిపోయినవాడు, ఇచ్చేవాడు అదే పరికరాన్ని రెండేసి శ్వాసల చొప్పున మార్చుకుంటూ పైకి రావాలి. బడ్డీ బ్రీదింగ్ అనే ఈ పద్ధతి కొలనులో సులువుగానే వస్తుంది. కంగారుపడిన మనిషి మాత్రం తీసుకున్న పరికరాన్ని తిరిగి ఇవ్వడు. ఇద్దరూ మునిగిన సందర్భాలున్నాయి.

ఒకే ఫస్ట్ స్టేజ్‌కు రెండో సెకండ్ స్టేజ్ తగిలించే ఆక్టోపస్ ఏర్పాటు 1960ల నడుమ బహామాస్‌లోని యునెక్సో డైవింగ్ కేంద్రంలో రూపుదిద్దుకుంది. దాన్ని తెచ్చిన ఘనత డేవ్ వుడ్‌వర్డ్‌కు దక్కుతుంది. మరోవైపు ఫ్లోరిడా గుహల డైవర్లు, తల పైన రాతి కప్పు ఉన్నచోట పైకి పారిపోయే దారే లేదు కాబట్టి, పొడవాటి గొట్టం, వేరువేరు రెగ్యులేటర్లు, గాలిని మూడు వంతులుగా విడగొట్టే నియమం అలవరచుకున్నారు. వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఆపదకు ఒక వంతు. షెక్ ఎక్స్‌లీ 1979లో గుహ డైవింగ్ ప్రమాదాలను విశ్లేషిస్తూ రాసిన చిన్న పుస్తకం ఈ నియమాలను స్థిరపరిచింది. చీకటి, బురద, తిరిగి వచ్చే దారి తెలియకపోవడం గుహకూ కృష్ణా జలాశయపు అడుగుకూ సమానమే కాబట్టి, సముద్రపు విహార డైవింగ్ పాఠాల కన్నా గుహల పాఠాలు ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి.

ప్రధాన రకాలు

ఆక్టోపస్: విశాఖ రుషికొండ వంటి చోట్ల విహారానికి వెళ్లేవారు ఎక్కువగా చూసేది ఇదే. పసుపు రంగు గొట్టం, పసుపు మూత, సుమారు మీటరు పొడవు. ధర తక్కువ, బరువు లేదు, నేర్చుకోవడం తేలిక. అయితే గాలి అదే సిలిండర్‌ది, ఫస్ట్ స్టేజ్ కూడా అదే. తోటి డైవర్‌కు ఇది ప్రాణాధారమే గానీ, తన సిలిండర్ ఖాళీ అయినవాడికి తన ఆక్టోపస్‌తో ప్రయోజనం లేదు.

ఇన్‌ఫ్లేటర్‌తో కలిసినది: తేలుడు జాకెట్‌లో గాలి నింపే చేతి పరికరంలోనే సెకండ్ స్టేజ్ కలిపి ఉంటుంది. స్కూబాప్రో ఎయిర్ 2 దీనికి పేరున్న ఉదాహరణ. ఒక గొట్టం తగ్గుతుంది. ఎప్పుడూ ఛాతీ దగ్గరే ఉంటుంది కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. గొట్టం పొట్టిది కావడంతో దీన్ని ఎదుటివారికి ఇవ్వలేం. నోట్లో ఉన్న ప్రధాన రెగ్యులేటర్ ఇచ్చేసి తాను దీనితో పీల్చాలి. పీల్చుతూనే జాకెట్ గాలి వదలడం కూడా దీనితోనే చేయాలి కనుక సాధన లేనివారు పైకి వచ్చేటప్పుడు తడబడతారు.

పొడవు గొట్టం, నెక్లెస్: నోట్లోని రెగ్యులేటర్‌కు రెండు మీటర్ల గొట్టం ఉంటుంది. రెండో రెగ్యులేటర్ రబ్బరు తాడుతో మెడకు వేలాడుతుంది. ఆపదలో నోట్లోదే తీసి ఇస్తారు, గడ్డం కిందిది తాము అందుకుంటారు. గాలి అందని మనిషి ఎలాగూ ఎదుటివారి నోట్లో బుడగలొస్తున్న రెగ్యులేటర్ మీదికే చేయి చాపుతాడు కాబట్టి ఈ పద్ధతి మనిషి స్వభావానికి దగ్గరగా ఉంటుంది. ఇరుకులో ఒకరి వెనక ఒకరు బయటికి రావడానికి గొట్టం పొడవు సరిపోతుంది. వలలు, మోళ్లు ఉన్న నీటిలో మాత్రం ఆ గొట్టాన్ని ఒంటికి చుట్టి అణచి ఉంచకపోతే అదే తగులుకుంటుంది.

రెండు వాల్వుల సిలిండర్: ఒకే సిలిండర్‌కు రెండు వాల్వులు, రెండు ఫస్ట్ స్టేజ్‌లు. ఒకటి ఫ్రీ ఫ్లో అయితే దాని వాల్వు కట్టేసి రెండోదానితో పీల్చవచ్చు. పరికరం చెడిపోవడానికి ఇది మంచి జవాబు. గాలి అయిపోవడానికి మాత్రం జవాబు కాదు.

పోనీ సిలిండర్: ప్రధాన సిలిండర్‌తో సంబంధం లేని చిన్న సిలిండర్, దానికి సొంత ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్, ప్రెషర్ గేజ్. సాధారణంగా 2 నుంచి 3 లీటర్ల పరిమాణంలో దొరుకుతుంది, ఇంకా పెద్దవీ ఉన్నాయి. పరికరం చెడినా, గాలి అయిపోయినా, తోటివాడు కనబడకపోయినా పనికొచ్చేది ఇది. బరువు, ఖర్చు, నింపించడం, పరీక్షలు చేయించడం అదనం.

జేబు సిలిండర్: స్పేర్ ఎయిర్ పేరుతో అమ్మే చిన్న డబ్బాలు. మూతి మీదే రెగ్యులేటర్ ఉంటుంది. పెద్ద రకంలో దాదాపు 85 లీటర్ల గాలి పడుతుంది. పడవ బోల్తాపడి కింద చిక్కుకున్నవారు తప్పించుకోవడానికి, నాలుగైదు మీటర్ల లోతు పనికి సరిపోతాయి. లోతుకు వెళ్లేకొద్దీ వీటి మీద పెట్టుకున్న భరోసా కరిగిపోతుంది.

జంట సిలిండర్లు, సైడ్‌మౌంట్: రెండు సమాన సిలిండర్లు, రెండు పూర్తి రెగ్యులేటర్లు. సైడ్‌మౌంట్‌లో అవి రెండు పక్కలా వేలాడతాయి, వాల్వులు కళ్లెదుటే ఉంటాయి. తరచూ దిగే శిక్షిత బృందాలకు ఇది బలమైన ఏర్పాటు. అప్పుడప్పుడు దిగేవారికి దీని నేర్పు నిలవదు.

పైనుంచి గాలి అందే డైవింగ్‌లో బెయిలౌట్: గేట్లు, చెత్త అడ్డు జాలీల దగ్గర ఎక్కువసేపు పనిచేసే వృత్తి డైవర్లు హెల్మెట్ ధరించి ఒడ్డు మీది కంప్రెసర్ నుంచి గొట్టం ద్వారా గాలి పీల్చుతారు. వారి వీపున ఉండే బెయిలౌట్ సిలిండరే అదనపు ఏర్పాటు. హెల్మెట్ పక్కనున్న వాల్వు తిప్పితే దాని గాలి వస్తుంది. గొట్టం తెగితే హెల్మెట్‌లోని గాలి వెనక్కి లాగుకుపోకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటుంది. మాట్లాడుకునే వైరు, ఒడ్డున తాడు పట్టుకునే మనిషి కూడా ఉంటారు కాబట్టి ప్రాజెక్టు పనులకు స్కూబా కన్నా ఇదే తగినది.

ఎంత గాలి కావాలి

అదనపు సిలిండర్ సైజును అంచనాతో కాక లెక్కతో తేల్చాలి. నింపాదిగా ఉన్న డైవర్ నీటి పైమట్టంలో నిమిషానికి సుమారు 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, కంగారులో 30 లీటర్లు వేసుకోవడం కనీస జాగ్రత్త. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒత్తిడి ఒక బార్ పెరుగుతుంది, అదే నిష్పత్తిలో గాలి ఖర్చూ పెరుగుతుంది.

20 మీటర్ల లోతు ఉదాహరణగా తీసుకుందాం. నీటి పైనున్న గాలి ఒత్తిడి ఒక బార్ కలుపుకుని అక్కడ ఒత్తిడి 3 బార్లు. రెగ్యులేటర్ మార్చుకుని, కుదుటపడి, తాడు అందుకోవడానికి ఒక నిమిషం: 90 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల వేగంతో 5 మీటర్ల లోతు వరకు రావడానికి సుమారు 112 లీటర్లు. అక్కడ భద్రత కోసం చేసే మూడు నిమిషాల ఆగుదలకు 135. చివరి 5 మీటర్లకు మరో 20. మొత్తం దాదాపు 360 లీటర్లు.

200 బార్లకు నింపిన 2 లీటర్ల పోనీలో 400 లీటర్లు ఉంటాయి, అంటే బొటాబొటీ. 3 లీటర్లదానిలో 600, వలలో చిక్కుకుంటే విడిపించుకోవడానికి రెండు మూడు నిమిషాలు మిగులుతాయి. 85 లీటర్ల జేబు సిలిండర్ 20 మీటర్ల అడుగున ఒక నిమిషం కూడా రాదు.

ఇదే లెక్క ఆక్టోపస్ పరిమితినీ చూపిస్తుంది. ఒక సిలిండర్ నుంచి ఇద్దరు పైకి రావాలంటే 720 లీటర్లు కావాలి. 11 లీటర్ల సిలిండర్‌లో అది 65 బార్లకు పైమాట. నీటి పైకి 50 బార్లతో చేరాలన్న వాడుక నియమాన్ని, 50 బార్లు చూపినప్పుడు అడుగు నుంచి బయల్దేరవచ్చని అర్థం చేసుకున్న జంటకు 550 లీటర్లే మిగులుతాయి. పక్కవాడికి ఆక్టోపస్ ఇచ్చాక ఇద్దరికీ చాలదు.

ఈ పాలమూరు ప్రాంతపు ఎండ కూడా లెక్కలోకి రావాలి. 45 డిగ్రీల ఎండలో జీపు వెనక వేడెక్కిన సిలిండర్ గేజ్ 200 బార్లు చూపితే, 25 డిగ్రీల నీటిలోకి దిగాక అది 187కు పడిపోతుంది. 3 లీటర్ల పోనీలో ఇది 40 లీటర్ల తరుగు. ముల్లు చూడాల్సింది సిలిండర్ చల్లబడ్డాకే.

బురద నీటికి తగిన రెగ్యులేటర్

ఫస్ట్ స్టేజ్‌లో పిస్టన్, డయాఫ్రమ్ అని రెండు నిర్మాణాలున్నాయి. చాలా పిస్టన్ రకాల్లో స్ప్రింగు ఉన్న గదిలోకి నీరు నేరుగా వస్తుంది. ఒండ్రు నీటిలో ఆ సన్నని బురద పిస్టన్ చుట్టూ చేరి ఆరిపోతుంది. నీటిని లోపలికి రానివ్వకుండా రెండో పొరతో మూసిన డయాఫ్రమ్ రకాన్ని నది పనికి ఎంచుకోవడం మేలు. సిలిండర్ ఒత్తిడి తగ్గినా పీల్చడానికి ఒకే తీరుగా ఉండే బ్యాలెన్స్‌డ్ రకం కావాలి. బ్యాలెన్స్ లేనివాటిలో గాలి అడుగంటే వేళ, ఇద్దరు ఒకేసారి పీల్చుతున్నప్పుడు శ్వాస భారమవుతుంది. సరిగ్గా ఆ వేళలోనే అది తేలికగా ఉండాలి.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం పరీక్షించిన రెగ్యులేటర్లలో, ఒకే సిలిండర్ నుంచి ఇద్దరి శ్వాసకు తట్టుకున్నవాటి మీద ‘ఈఎన్ 250ఏ’ అని ముద్ర ఉంటుంది. ఆక్టోపస్‌గా వాడే సెట్టు కొనేటప్పుడు చూడాల్సింది ఆ చివరి అక్షరం. ‘10 డిగ్రీల కన్నా ఎక్కువ’ అని రాసి ఉన్నవి చల్లటి నీటికి పనికిరావు. మన జలాశయాలకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి మంచు గడ్డకట్టని ఖరీదైన రకాలకు డబ్బు పోయనక్కర్లేదు.

సిలిండర్‌కు బిగింపు రెండు విధాలు. యోక్‌లో ఇనుప చట్రం వాల్వు చుట్టూ పట్టుకుంటుంది. డిన్‌లో రెగ్యులేటర్‌ను మర మాదిరిగా వాల్వు లోపలికి తిప్పి బిగిస్తారు. దేనికైనా తగిలి జారిపోయే అవకాశం డిన్‌కు తక్కువ. 232 బార్ల డిన్ రెగ్యులేటర్ 300 బార్ల వాల్వులో గట్టిగా కూర్చోదు. బృందంలో ప్రధాన సిలిండర్లు, పోనీలు, విడి రెగ్యులేటర్లు అన్నీ ఒకే రకం బిగింపుతో ఉంటే నది ఒడ్డున తికమక ఉండదు.

అదనపు సెకండ్ స్టేజ్‌ను కొంచెం బిగువుగా సర్దుతారు. ప్రవాహానికి ఎదురుగా తిరిగినప్పుడు నీటి తాకిడికి దానంతటదే గాలి వదలకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. కొన్నింటికి ఇందుకోసం చిన్న మీట ఉంటుంది. అతిగా బిగిస్తే ఆయాసంలో ఉన్నవారికి గాలి అందనట్టే అనిపిస్తుంది, విసిరికొట్టి పైకి పరుగెత్తుతారు. ప్రధాన రెగ్యులేటర్ అంత తేలికగా కాకపోయినా దానికి దగ్గరగా ఉండాలి.

మురికి నీటిలో ముఖమంతా కప్పే మాస్క్ వాడే బృందాలకు ఇంకో చిక్కు ఉంది. గాలి ఆగితే మాస్క్ తీసేసి కళ్లు కనబడని నీటిలో మరో రెగ్యులేటర్ నోట పెట్టుకోవాలి. పోనీ గాలిని అదే మాస్క్‌లోకి మళ్లించే స్విచింగ్ బ్లాక్ ఉంటే ముఖం నీటికి తెరవకుండానే మారవచ్చు. ఇలాంటి మాస్క్ కొంటే బ్లాక్, పోనీ కలిపే కొనాలి.

ఒంటిమీద అమరిక

గడ్డం నుంచి కింది పక్కటెముకల వరకు ఉండే ముక్కోణంలో అదనపు రెగ్యులేటర్ ఉండాలన్నది శిక్షణ సంస్థల సామాన్య సూత్రం. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఒక్క లాగుకు ఊడిరావాలి, నడుస్తున్నప్పుడు దానంతటది ఊడకూడదు. వేలాడే రెగ్యులేటర్ అడుగు బురదలో దున్నుకుంటూ పోయి, కావలసిన వేళ నోట్లోకి గాలికి బదులు ఒండ్రు తెస్తుంది.

పోనీని వీపున ప్రధాన సిలిండర్ పక్కన కట్టవచ్చు, లేదా ఎడమ పక్క ఛాతీకి వేలాడదీయవచ్చు. వీపున ఉంటే ముందుభాగం ఖాళీగా ఉంటుంది గానీ వాల్వు చేతికి అందదు, గేజ్ కనబడదు, వెనక తగులుకున్న వలను చూసుకోలేరు. ముందు వేలాడితే అన్నీ అందుతాయి, అవసరమైతే మొత్తం విప్పి మరొకరికి ఇచ్చేయవచ్చు. కొల్లాపూర్, సోమశిల ప్రాంతంలో నిషేధం ఉన్నా వాడుతున్న సన్నకంటి అలివి వలల వంటివి తారసపడే నీటిలో, చేతికి అందేటట్టు ఉండడమే ఎక్కువ విలువైనది. ఆ వలలకు పెద్ద కత్తి కన్నా కొక్కెం లోపల బ్లేడు ఉన్న లైన్ కట్టర్ నయం. ఒకటి ఛాతీ మీద, ఒకటి మణికట్టున ఉంటే ఏ చేయి చిక్కుకున్నా రెండోది పనిచేస్తుంది.

పొరపాటున పోనీతోనే దిగి ప్రధాన సిలిండర్ గాలి పీల్చుతున్నామనుకునే ప్రమాదం నిజమైనది. రెండు సెకండ్ స్టేజ్‌ల మూతులు చీకట్లో నాలుకకే తేడా తెలిసేలా వేరు ఆకారంలో ఉండడం, పోనీది ఎప్పుడూ మెడ నెక్లెస్‌లోనే ఉంచడం దీనికి విరుగుడు. పోనీ వాల్వు తెరిచి ఉంచాలా మూసి ఉంచాలా అన్న దానిపై శిక్షకుల్లో రెండు పక్షాలున్నాయి. మూస్తే తెలియకుండా గాలి కారిపోదు, తెరిస్తే ఆపదలో ఒక పని తగ్గుతుంది. కనుచూపు లేని నీటిలో తెరిచి ఉంచి గేజ్‌ను తరచూ చూసుకోవడమే చాలామందికి నప్పుతుంది.

దిగే ముందు పరీక్ష, తర్వాతి సంరక్షణ

గాలి ఉందని గేజ్ చెబితే చాలదు. ముల్లు చూస్తూ రెగ్యులేటర్‌ను నాలుగుసార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు నిలకడగా ఉంటే వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నట్టు. ప్రతి శ్వాసకూ కిందికి దిగి మళ్లీ ఎక్కుతుంటే వాల్వు సగమే తెరిచి ఉంది. ఒడ్డున తేడా తెలియదు, 15 మీటర్ల కింద ఆ సగం వాల్వు నుంచి ఊపిరికి సరిపడా గాలి రాదు. ఈ పరీక్ష ప్రధాన రెగ్యులేటర్‌కూ అదనపుదానికీ వేరువేరుగా చేయాలి. వాల్వు తెరవకముందే సెకండ్ స్టేజ్ నోట పెట్టుకుని పీల్చి చూడటం రెండో పరీక్ష. ఏమీ రాకుండా నోటికి అంటుకుపోతే లోపలి పొర, ఊపిరి బయటికి పోయే రబ్బరు వాల్వు సరిగా ఉన్నట్టు. గాలి వస్తే ఎక్కడో చిల్లు ఉంది, నీటిలో అదే దారిన నీరు వస్తుంది.

ఒండ్రు నీటిలో వాడిన రెగ్యులేటర్‌ను అక్కడికక్కడే మంచినీటిలో కడగాలి. బురద ఆరితే రబ్బరు వాల్వు అంచున రేణువులు నిలుస్తాయి. ఫస్ట్ స్టేజ్ మూతను ఆరబెట్టి బిగించాకే నీటిలో ముంచాలి. గాలి ఒత్తిడి లేకుండా కడుగుతున్నప్పుడు సెకండ్ స్టేజ్ మీది పర్జ్ బొత్తాం నొక్కకూడదు, నొక్కితే నీరు గొట్టం లోపలికి పోతుంది. తయారీదారు చెప్పిన గడువులో సర్వీసింగ్ ఎలాగూ చేయించాలి. ఆలోగా మధ్యస్థ ఒత్తిడిని చిన్న గేజ్‌తో చూసుకోవచ్చు. స్థిరపడిన ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే ఫస్ట్ స్టేజ్ సీటు అరిగినట్టు. ఏడాదంతా మూలన పడి ఉండి వరదల వేళ బయటికి తీసే అదనపు రెగ్యులేటర్లలోనే ఇలాంటి లోపాలు దాగి ఉంటాయి.

సాధన

రెగ్యులేటర్ మార్పిడి చేతులకు అలవాటై ఉండాలి. కళ్లకు గంతలు కట్టుకుని, చేతి తొడుగులతో, ముందు ఒడ్డున, తర్వాత కొలనులో, ఆ తర్వాత నిలకడ నీటిలో చేసి చూడాలి. గాలి అందనివారికి ఇవ్వడం, తానే పోనీకి మారడం, మారాక ప్రధాన రెగ్యులేటర్ ఫ్రీ ఫ్లోను కట్టేయడం అనే మూడూ వేరువేరు నేర్పులు. గాలింపు బృందాల్లో డైవర్‌కు తాడు కట్టి ఒడ్డునో పడవలోనో ఒకరు పట్టుకుంటారు. తాడు లాగే సంకేతాల్లో ‘పోనీకి మారాను, పైకి వస్తున్నాను’ అన్నదానికి ఒకటి ముందే ఒప్పుకుని ఉండాలి. రెండో డైవర్ పూర్తి సెట్టు వేసుకుని సిద్ధంగా ఉండాలి, అతని దగ్గర చిక్కుకున్నవాడికి ఇవ్వడానికి మరో సిలిండర్ ఉండాలి.

పరిమితులు

లోతు మొదటి పరిమితి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ పడవ 200 అడుగులకు మించిన లోతులో చిక్కుకుంది. ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో శ్రమించి అక్టోబరు 22న దాన్ని బయటికి తెచ్చింది. అంత లోతులో ఒత్తిడి 7 బార్లు దాటుతుంది. నిండు 3 లీటర్ల పోనీ కంగారుపడ్డ డైవర్‌కు మూడు నిమిషాలు కూడా రాదు, పైకి వచ్చే దారిలో ఆగాల్సిన ఆగుదలలకు ఏమీ మిగలదు. విహార డైవింగ్ గరిష్ఠ పరిమితి 40 మీటర్లు. శ్రీశైలం ఆనకట్ట వైపు లోతుల్లో అది దాటితే సాధారణ స్కూబాకు ఎన్ని అదనపు రెగ్యులేటర్లు తగిలించినా సరిపోవు.

ఎత్తు మరో విషయం. 300 మీటర్ల పైనున్న జలాశయాల్లో దిగడాన్ని ఎత్తైన ప్రాంతపు డైవింగ్‌గా శిక్షణ సంస్థలు లెక్కిస్తాయి. శ్రీశైలం నిండినప్పుడు కూడా సుమారు 270 మీటర్ల దగ్గరే ఆగుతుంది, జూరాల ఆ గీతను కొద్దిగా దాటుతుంది. అదనపు రెగ్యులేటర్ ఎంపిక దీనితో మారదు గానీ, జూరాలలో పైకి వచ్చే ఆగుదలలు నిర్ణయించే డైవ్ కంప్యూటర్ ఆ ఎత్తును గుర్తించిందో లేదో చూసుకోవాలి.

అన్నిటికన్నా కఠినమైన పరిమితి గేట్ల దగ్గరి ఒత్తిడి తేడా. పది మీటర్ల నీరు ఒకవైపు, గాలి మరోవైపు ఉన్న గేటులో అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు సందు ఉంటే, దానికి అడ్డంగా లాగుకుపోయిన మనిషి మీద దాదాపు రెండున్నర టన్నుల బలం పడుతుంది. సందు దగ్గరికి వచ్చేదాకా నీరు ప్రశాంతంగానే కనిపిస్తుంది. పోనీ సిలిండర్ అతనికి మరికొన్ని నిమిషాల శ్వాస ఇస్తుందే గానీ, రెండువైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా ఏ డైవరూ అతన్ని విడిపించలేడు. జూరాల వంటి ప్రాజెక్టులో డైవర్‌ను దించే ముందు గేట్లు, టర్బైన్లు ఆపి, నియంత్రణ గదిలో వాటికి తాళం వేసి, ఆ తాళంచెవిని డైవింగ్ బృందం చేతిలో పెట్టాలి. పోనీ సైజు, గొట్టం పొడవు గురించిన ఎంపికలన్నీ ఆ తర్వాతే.